కిట్టీ కీన్: డిటెక్టివ్ కథా, సంసారం సీరియలా?

పాత టేపులు:
1937 సెప్టెంబరు నుంచి 1941 ఏప్రిల్ దాకా అమెరికా రేడియోలో నడిచిన ‘కిట్టీ కీన్, ఇన్‌కార్పొరేటెడ్’ని లేడీ డిటెక్టివ్ కథల లెక్కలో వేయాలా? వద్దంటాను. కిట్టీ ఒకప్పుడు జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే న్యూయార్క్ ఆటపాటల స్టేజీ షోలో ఆడిన మనిషి. ఆ గతం దాచుకుని సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతుంది. ఇంత మంచి సరుకు చేతిలో ఉండి ఏం చేశారు? పోనుపోను కేసులు మూలపడి, కూతురు జిల్ సంసారం గొడవలే కథయ్యాయి. స్పాన్సరేమో డ్రెఫ్ట్ సబ్బుపొడి. గృహిణులకు పొడి అమ్మడానికి డిటెక్టివ్‌ని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం శ్రోత:
టేపులు గారూ, ఆ పావుగంట ఎలా ఖర్చయ్యేదో చూడండి. వారానికి ఐదు రోజులు, రోజుకు 15 నిమిషాలు. అందులోనే అనౌన్సరు పలకరింపు, డ్రెఫ్ట్ ప్రకటన, నిన్నటి కథ, చివర మళ్లీ ప్రకటన. మిగిలిన కాస్త టైములో హంతకుడి జాడ ఎలా తీస్తారు? సోమవారం దొరికిన తాళంచెవి గురువారం రేడియో పెట్టినావిడకు గుర్తుండదు. కూతురి కష్టం గుర్తుంటుంది. నేరకథ రాయడం చేతకాక ఇలా చేశారనీ అనలేం. దీన్ని సృష్టించిన ఇద్దరిలో ఒకరైన డే కీన్ ఆ తర్వాత క్రైమ్ నవలలు బోలెడు రాశాడు. పైగా 1937లో ఆడమనిషి పేరు మీద కంపెనీ! ఆవిడ ఎవరి సెక్రటరీ కాదు, యజమాని. నాకది చాలా పెద్ద విషయం.

ఫోన్ మోగింది:
వారానికోసారి అరగంట వచ్చి, కేసు అక్కడికక్కడే తేలిపోయే కథల్లో మాత్రం ఏమైంది? శాన్‌ఫ్రాన్సిస్కో ఎన్‌బీసీ రేడియోలో 1949 నుంచి ‘కాండీ మాట్సన్’ అనే లేడీ డిటెక్టివ్ కథ వచ్చింది. ఫోన్ మోగగానే కాండీ తన నంబరు చెప్పి పలికేది, కథ మొదలయ్యేది. రాసిన మాంటీ మాస్టర్స్ ముందు దీన్ని మగ డిటెక్టివ్ కథగా అనుకున్నాడు, ఆ వేషం తనే వేద్దామనుకున్నాడు. ఆడపిల్లని పెట్టమని సలహా ఇచ్చింది వాళ్లత్తగారట. చివరికి ఆయన భార్య నటాలీ వేసింది. అంత చురుకైన కాండీ కూడా 1951లో ఆఖరి ఎపిసోడ్‌లో పోలీసు అధికారి మాలార్డ్‌తో పెళ్లికి ఒప్పుకుని పని మానేసింది. అక్కడ సబ్బుపొడి లేదు కదా?

పాత టేపులు:
లేదు, నిజమే. కానీ కాండీ పని మానేసింది కథ ముగిసేటప్పుడు. అప్పటిదాకా వారం వారం కేసు తేల్చింది. కిట్టీకి కథ నడుస్తుండగానే పని తీసేశారు, నా బాధ అదే. కిట్టీ సీరియల్లోనే వేసిన నటుడు బాబ్ బెయిలీకి 1955లో రేడియోలో ఇన్సూరెన్సు కేసుల డిటెక్టివ్ ‘జానీ డాలర్’ వేషం దక్కింది, ఐదేళ్లు దర్యాప్తులే చేశాడు. జానీకి ఇచ్చిన పని కిట్టీకి ఎందుకివ్వలేదు? మధ్యాహ్నం శ్రోత గారు చెప్పిన పావుగంట ఇబ్బంది నాకు అర్థమైంది. అయినా ఒక్క కేసుని నెలరోజులు సాగదీసి చెప్పొచ్చు, శుక్రవారం కొత్త ఆధారం దగ్గర ఆపొచ్చు. కూతురి కాపురాన్ని ఏళ్ల తరబడి సాగదీసిన వాళ్లకు అదేం కష్టం కాదు. నా లిస్టులో కాండీ ఉంటుంది, కిట్టీ ఉండదు.