డగ్గర్ల ఇల్లు 19 మంది పిల్లలతో ఎలా నడిచింది? అందులో మనం తీసుకోదగ్గవి ఏవి?

మల్లెతీగ అడిగారు:

అమెరికాలో డగ్గర్ కుటుంబం మీద వచ్చిన టీవీ షో పాత ఎపిసోడ్లు చూస్తున్నాను. ఆర్కన్సా రాష్ట్రం, జిమ్ బాబ్, మిషెల్ దంపతులు, 19 మంది పిల్లలు, అందరి పేర్లూ జె అక్షరంతోనే. ఇల్లు సర్ది ఉంటుంది, పిల్లలు పిలిస్తే పలుకుతారు, ఎవరి పని వాళ్ళు చేసుకుపోతారు. మా స్త్రీల కూటంలో "దైవభయం గల ఇల్లంటే అదీ" అని అందరూ మెచ్చుకుంటున్నారు. ఇంకోపక్క ఆ ఇంటి సంగతి కోర్టుల దాకా వెళ్ళిందని కూడా విన్నాను.

తెలిసినవాళ్ళు చెప్పండి. అంతమందికి వంట, ఉతుకు ఎలా సాగేవి? సబ్బు ఇంట్లోనే చేసుకునేవారట, కొలతలు ఎంత? వాళ్ళ నమ్మకం మన బాప్టిస్టు సంఘాలదేనా, వేరే బోధా? మా ఇంట్లో పిల్లలు ముగ్గురు: 9, 6, 2 ఏళ్ళు. ఆ పద్ధతుల్లో ఏదైనా పనికొస్తుందా?

వంటింటి_లెక్క జవాబు:

ఆ ఇల్లు నడిచింది రెండు ఏర్పాట్ల మీద. ఒకటి బడ్డీ పద్ధతి, అంటే జత. పెద్దపిల్ల ఒకరికి చిన్నపిల్ల ఒకరిని, ఒక్కోసారి ఇద్దరిని అప్పగిస్తారు. పొద్దున లేపి బట్టలు వేయడం, జడ వేయడం, భోజనం దగ్గర కూర్చోబెట్టడం, అక్షరాలు దిద్దించడం, బయటికి వెళ్ళేటప్పుడు బండిలో బెల్టు పెట్టడం, అన్నీ ఆ జతలోని పెద్దపిల్ల పనే. బయట తల్లి 19 తలలు లెక్కపెట్టక్కర్లేదు, జతలు లెక్కపెడితే చాలు.

రెండోది ఇంటి పనుల పంపకం. దానికి వాళ్ళు వాడే మాట జూరిస్‌డిక్షన్, మన మాటలో ఇలాకా. వంటగది ఒకరిది, ఉతుకు ఒకరిది, బాత్‌రూములు ఒకరివి. ఇది రోజుకొకరు వంతు మారే పద్ధతి కాదు. ఒకే పని నెలల తరబడి ఒకే చేతిలో ఉంటుంది కాబట్టి "ఇవాళ ఎవరి వంతు" అన్న తగువు రాదు.

ఇంటి కట్టడం కూడా ఇందుకు తగ్గట్టే ఉంది. టాంటీటౌన్‌లో 2006లో దిగిన ఆ ఇల్లు సుమారు 7,000 చదరపు అడుగులు. మగపిల్లలకు ఒక పెద్ద గది, ఆడపిల్లలకు ఒకటి, హాస్టల్లోలా వరుసగా మంచాలు. వంటగదులు రెండు, అందులో ఒకటి హోటల్ స్థాయి సామానుతో ఉంటుంది. అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు బట్టల గది. ఉతికే చోటుకు పక్కనే ఇంటిల్లిపాది బట్టలూ ఒకే గదిలో ఉంటాయి. పెద్ద కుటుంబంలో ఉతకడం కష్టం కాదు, మెషీన్ ఉతుకుతుంది. మడిచినవి గదిగదికీ మోసి ఎవరి బీరువాలో వాళ్ళవి సర్దడంలోనే పూటంతా పోతుంది. డ్రయర్‌లోంచి తీసి నాలుగడుగుల దూరంలో తగిలించేస్తే ఆ మోత లేదు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లో కూడా ఇది హాయిగా చేసుకోవచ్చు.

వంటకి వస్తే, వాళ్ళ పేరుతో ఊరంతా తిరిగిన వంటకం టేటర్ టాట్ కాసరోల్. బంగాళదుంప తురుముతో చేసి గడ్డకట్టించిన చిన్న ఉండలే టేటర్ టాట్లు. 2 పౌండ్ల టర్కీ కీమా వేయించి, మసాలా చల్లి, నీరు వార్చాలి. రెండు ట్రేలలో కీమా పరిచి, పైన 3 సంచుల టాట్లు (సంచి 2 పౌండ్లు) పేర్చాలి. మష్రూమ్ క్రీమ్ సూప్ 2 డబ్బాలు, చికెన్ క్రీమ్ సూప్ 2 డబ్బాలు, ఎవాపరేటెడ్ పాలు 2 డబ్బాలు కలిపి పైన పోసి, 350 ఫారెన్‌హీట్‌లో, అంటే 175 సెల్సియస్ దగ్గర, గంటసేపు. చెడేది రెండుచోట్ల. కీమా నీరు వార్చకపోతే అడుగు ముద్దవుతుంది. డబ్బా సూపుల్లోనే ఉప్పు దండిగా ఉంటుంది, కీమాలో మళ్ళీ వేస్తే నోట పెట్టలేం. పైగా అందులో కూరగాయ ముక్కంటూ లేదు. గంటలో ఇరవైమందికి కడుపు నింపడమే దాని పని, పిల్లలకు రోజువారీ తిండిగా మాత్రం పెట్టొద్దు.

సబ్బు_నురగ జవాబు:

సబ్బు కొలతలు ఇవిగో. ఫెల్స్ నాప్తా బార్ 1 (పసుపుపచ్చటి బట్టల సబ్బు), చాకలి సోడా 1 కప్పు, వెలిగారం అరకప్పు, 5 గాలన్ల బకెట్ (సుమారు 19 లీటర్లు).

సబ్బు సన్నగా తురిమి, 4 కప్పుల వేడినీళ్ళలో సన్నసెగ మీద కరగనివ్వాలి. బకెట్‌లో సగం వేడినీళ్ళు పోసి, కరిగిన సబ్బు, సోడా, వెలిగారం వేసి పలుకు లేకుండా కలపాలి. తర్వాత నిండా వేడినీళ్ళు పోసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి చిక్కటి గంజిలా పేరుకుంటుంది. ఖాళీ డబ్బాలో సగం ఇది, సగం నీళ్ళు పోసుకుని, వాడే ముందు బాగా కుదపాలి. పైనుంచి బట్టలు వేసే మెషీన్‌కి కప్పులో 5/8 వంతు, ముందు తలుపు మెషీన్‌కి పావు కప్పు. నీళ్ళు కలిపాక మొత్తం 38 లీటర్లు అవుతుంది. లెక్క కడితే పైతలుపు మెషీన్‌కి 250 సార్లు వస్తుంది.

తప్పు జరిగే చోట్లు చెబుతాను. చాకలి సోడా బదులు వంటసోడా వేస్తారు. దాని క్షారం చాలదు, మురికి వదలదు. పలుకుల్ని చన్నీళ్ళలో వేస్తే గడ్డకడతాయి. వెలిగారం కడుపులోకి పోతే ప్రమాదం, రెండేళ్ళ పిల్లాడున్న ఇంట్లో పై అరలోనే ఉండాలి.

అసలు చిక్కు నీళ్ళతో. ఇది సబ్బు, డిటర్జెంట్ కాదు. గట్టి నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని జిగురుగా మారి బట్టలో దిగబడిపోతాయి. సోడా కొంత ఆపుతుంది గాని హైదరాబాద్ బోరు నీళ్ళ గట్టితనానికి ఆగదు. మూడు నాలుగు నెలలకి తువ్వాలు ఒంటి నీరు పీల్చదు, తెల్లచొక్కా బూడిద రంగుకి తిరుగుతుంది, డ్రమ్ము అంచున వేలు పెట్టి రాస్తే మైనంలా అంటుకుంటుంది. అప్పుడు సబ్బు వేయకుండా వేడినీళ్ళలో రెండుసార్లు తిప్పి, మామూలు డిటర్జెంట్‌కి మారిపోండి. మంజీరా, కృష్ణా కొళాయి నీళ్ళున్నవాళ్ళు ప్రయత్నించవచ్చు.

బెరయవాసి జవాబు:

నమ్మకం గురించి అడిగారు కాబట్టి వివరంగా చెప్పాలి. పేరు బాప్టిస్టే, వంశం వేరు. నెల్లూరు, ఒంగోలు సంఘాలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ నాటినవి. 1878 జూలైలో మిషనరీ క్లౌ దొర కాలంలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చరిత్ర వాటిది, ఆడపిల్లల బడులు, ఆసుపత్రులు దాని వెంట వచ్చాయి. డగ్గర్లు ఏ మిషన్‌కీ చెందని స్వతంత్ర బాప్టిస్టులు. చాలా ఏళ్ళు ఆరాధన కూడా కొన్ని కుటుంబాలు కలిసి ఇంట్లోనే.

దానికన్నా ముఖ్యం, వాళ్ళ ఇంటి కట్టుబాట్లలో ఎక్కువ భాగం బిల్ గాథర్డ్ అనే బోధకుడివి. 1961లో ఆయన మొదలుపెట్టిన సంస్థే తర్వాత ఐబీఎల్‌పీ (ఇన్‌స్టిట్యూట్ ఇన్ బేసిక్ లైఫ్ ప్రిన్సిపుల్స్) అయింది. జీవితమంతా బ్రహ్మచారి. పెళ్ళి, పిల్లల పెంపకం మీద వేలమందిని కూర్చోబెట్టి సెమినార్లు చెప్పాడు. ఆయన బోధకి నడిమి బొమ్మ గొడుగు. పైన క్రీస్తు గొడుగు, దాని కింద భర్తది, దాని కింద భార్యది, అడుగున పిల్లలు. గొడుగు కింద ఉన్నంతసేపు దేవుని కాపుదల, బయటికి అడుగుపెడితే సాతానుకి చోటిచ్చినట్టే.

ఆ బొమ్మ ఇంట్లో ఎలా పనిచేస్తుందో చూడండి. పిల్ల ఏడిచినా, మొహం చిన్నబుచ్చుకున్నా "ఎందుకు" అన్న ప్రశ్న రాదు. లోబడటం మూడు ముక్కల్లో నేర్పుతారు: వెంటనే, పూర్తిగా, సంతోషంగా. ఆ మూడోది చాలా భారమైనది. నచ్చని పని నవ్వుతూ చేయడం ఏళ్ళ తరబడి అలవాటైతే, తనకు అన్యాయం జరిగినప్పుడు కూడా పిల్ల నవ్వు మొహమే పెడుతుంది. షోలో మనకి కనిపించే ఆ ప్రసన్నమైన ముఖాల్లో ఎంత నిజమో తల్లిదండ్రులకి కూడా తెలిసే దారి ఉండదు.

చదువు కూడా అక్కడిదే. 1984లో గాథర్డ్ మొదలుపెట్టిన ఏటీఐ అనే ఇంటి చదువులో 54 విజ్డమ్ బుక్‌లెట్లు ఉండేవి. మత్తయి 5 నుంచి 7 అధ్యాయాలు, అంటే కొండమీది ప్రసంగం, వాటికి ఆధారం. ఒక్కో వచనం పట్టుకుని అందులోంచే చరిత్ర, సైన్సు, వైద్యం, చట్టం లాగేవారు. వినడానికి బావుంటుంది, కానీ లెక్కలు అలా రావు. భిన్నాల తర్వాత దశాంశాలు, ఆ తర్వాత బీజగణితం, ఒక మెట్టు మీద ఇంకో మెట్టు ఉండాలి. లెక్కల పుస్తకం వేరే కొనుక్కున్న ఇళ్ళ పిల్లలు నిలబడ్డారు, కొననివాళ్ళు కాలేజీ గుమ్మం దగ్గర ఆగిపోయారు.

30 మందికి పైగా స్త్రీలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశాక 2014లో గాథర్డ్ రాజీనామా చేశాడు. ఆరోపణల్ని ఆయన ఒప్పుకోలేదు. ఏటీఐ 2021లో మూతపడింది.

ఎక్కువమంది పిల్లల సంగతి 127వ కీర్తన నుంచి వచ్చింది. కుమారుల్ని బాణాలతో పోల్చి, వారితో అంబులపొది నింపుకున్నవాడు ధన్యుడన్న వచనం. అది సంతానాన్ని ఆశీర్వాదం అంటుంది, ఎంతమందో చెప్పదు. గర్భనిరోధం పాపమని అందులోంచి తీయడం బోధకుల పని. 2009 డిసెంబరులో 19వ బిడ్డ జోసీ 25 వారాలకే పుట్టింది, బరువు 620 గ్రాముల చిల్లర. తల్లికి బీపీ ప్రమాద స్థాయికి వెళ్ళి అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. వచనం చెప్పేవాళ్ళు ఇది కూడా చెప్పాలి.

గుంటూరు_పిల్లకాలువ జవాబు:

బెరయవాసి గారికి చిన్న చేర్పు. అంబులపొది పేరుతో నడిచే క్వివర్‌ఫుల్ ఉద్యమానికి తాము చెందినవాళ్ళం కామని డగ్గర్లు చెప్పుకున్నారు. నమ్మకం దగ్గరదే, పేరు మాత్రం తగిలించుకోలేదు.

పెళ్ళిళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు డేటింగ్ అనరు, కోర్ట్‌షిప్ అంటారు. అబ్బాయి ముందు అమ్మాయి తండ్రిని అడగాలి. మాట్లాడుకునేటప్పుడు పక్కన తమ్ముడో చెల్లెలో కాపలా ఉంటారు. కౌగిలింత పక్కనుంచే, చేతులు పట్టుకోవడం ప్రధానం అయ్యాక, మొదటి ముద్దు పెళ్ళి వేదిక మీద. మన పెద్దలు కుదిర్చిన పెళ్ళిలాంటిదే అనుకోకండి. మన దగ్గర మేనత్తలు, మేనమామలు, సంఘ పెద్దలు, నలుగురు విచారిస్తారు, ఒకరు కాదంటే ఇంకొకరు సర్దిచెబుతారు. అక్కడ వీటో ఒక్క తండ్రిదే. ఆ తండ్రి తప్పు పట్టుదలకు పోతే అడ్డం చెప్పే మనిషి ఉండడు.

తెరవెనుక జవాబు:

కోర్టు సంగతి క్లుప్తంగా. 2004లో మొదటి ప్రత్యేక కార్యక్రమం, 2008 సెప్టెంబరులో టీఎల్‌సీ అనే అమెరికా టీవీ ఛానెల్‌లో సీరీస్. పెద్దకొడుకు జాష్ టీనేజీలో తన చెల్లెళ్ళు సహా ఆడపిల్లల మీద లైంగికంగా చేయి వేశాడని 2015 మేలో బయటపడింది, జూలైలో షో ఆగింది. తర్వాత పెద్ద ఆడపిల్లల మీద నడిచిన రెండో షో 2021లో ఆగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో జాష్ అరెస్టు, డిసెంబరులో పిల్లల లైంగిక దోపిడీ చిత్రాల కేసులో దోషి అని తీర్పు, 2022 మేలో 12 ఏళ్ళ 7 నెలల జైలు.

ఇంట్లో మొదటిసారి తెలిసినప్పుడు సంఘం, పెద్దలు, ప్రార్థన అన్న దారే ముందు పట్టారు. గొడుగు బోధ చేసే కీడు అక్కడే ఉంది. దెబ్బతిన్న పిల్ల క్షమించాలి, నవ్వాలి, అదే ఇంట్లో అదే మనిషితో ఉండాలి. మన దేశంలో పోక్సో చట్టం కింద తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల సహాయానికి 1098. స్త్రీల కూటంలో ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

డబ్బు సంగతి కూడా ఉంది. షో ఆదాయం తండ్రి చేతికే వెళ్ళిందని, ఏళ్ళ తరబడి తనకంటూ విడిగా ఏమీ రాలేదని కూతురు జిల్ 2023లో చెప్పింది. అదే ఏడాది ఇంకో కూతురు జింజర్, గాథర్డ్ బోధని తప్పుపట్టింది, కానీ క్రీస్తుని విడవలేదు. మెచ్చుకునేవాళ్ళు ఆ ఇద్దరు అక్కచెల్లెళ్ళ మాటా వినాలి.

మల్లెతీగ మళ్ళీ:

అందరికీ వందనాలు. ఉమ్మడి బట్టల గది రేపే మొదలుపెడతాను. ఇక ఒక్కటే మిగిలింది. మా 9 ఏళ్ళ పాపకి 2 ఏళ్ళ బాబుని జతగా ఇవ్వొచ్చా? ఎంతవరకు?

వంటింటి_లెక్క జవాబు:

ఇవ్వొచ్చమ్మా, గీత గీసి ఇవ్వండి. పొద్దున చెప్పులు తొడగడం, పళ్ళు తోమేటప్పుడు పక్కన నిలబడటం, సాయంత్రం ఒక బొమ్మల పుస్తకం చదివి వినిపించడం. మొత్తం కలిపి రోజుకు 20 నిమిషాలు. స్నానం, స్టవ్ దగ్గర కాపలా, రాత్రి లేచి చూసుకోవడం, కోప్పడి దారికి తేవడం వద్దు, అవి మీవి, వాళ్ళ నాన్నవి. డగ్గర్ల ఇంట్లో గీత చెరిగింది ఇక్కడే, తల్లి చేయాల్సినవన్నీ పదేళ్ళు దాటిన ఆడపిల్లల మీదికి జారాయి.

ఆరేళ్ళ వాడికీ ఏదో ఒక పని పెట్టండి, లేకపోతే అంతా పెద్దదాని నెత్తినే పడుతుంది. ఆదివారం మాత్రం ఎవరికీ జత పని వద్దు. నెలకోసారి పాపని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని "తమ్ముడి పని ఉంచాలా, మార్చాలా" అని అడగండి. మార్చమంటే మార్చేయండి, కారణం చెప్పమని నిలదీయకండి.