తొలి వితంతు వివాహం: మార్చింది ఎవరిని?

గట్టు మీది చెట్టు:
1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు చేయించిన వితంతు వివాహంతోనే ఆంధ్రదేశం మేలుకొందని చదువుకుంటూ వచ్చాం. నాకు నమ్మకం కుదరడం లేదు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చన్న చట్టం 1856లోనే వచ్చింది. పాతికేళ్లు ఇక్కడ ఎవరూ కదలలేదు. కదిలాక కూడా అది పై కులాల ఇళ్ల గడప దాటలేదు. ఎన్నో కులాల్లో మారుమనువు, అంటే భర్త పోయాక ఆడవాళ్లు మళ్లీ పెళ్లాడడం, తరతరాలుగా ఉన్నదే. వాళ్లకు ఈ ఉద్యమం కొత్తగా ఏం చెప్పింది?

పాత పత్రికలు:
చట్టం ఉన్నా కదలలేదంటే, భయం కోర్టుకు కాదు, కులం వేసే వెలికి. పెళ్లికి వెళితే పురోహితుడు గడప తొక్కడు, వంటవాడు రాడు, నీళ్లు మోసేవారు మానేస్తారు. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి తానే బిందెలతో నీళ్లు తెచ్చి, పెళ్లివారికి వండిపెట్టారు. మార్పు ఎక్కడుందని అడిగితే నేను ఆ బిందెను చూపిస్తాను.

సందేహి:
బిందె ఆమెది, పేరు ఆయనది! సరే, కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు పెట్టకపోతే ఆ పెళ్లి జరిగేదా? ఆలోచన కంటే డబ్బే ముందు నడిచిందేమో.

పాత పత్రికలు:
డబ్బు పెళ్లి చేయించగలదు, వాదన పుట్టించలేదు. 1874లో వీరేశలింగం గారి పత్రిక వివేకవర్ధని మొదలైంది. అవతలి పక్షాన, సనాతనుల వైపు, కొక్కొండ వెంకటరత్నం గారి పత్రిక ఆంధ్రభాషా సంజీవని. వివేకవర్ధనిని వెక్కిరించడానికి కొక్కొండ వారు హాస్య వర్ధని పెడితే, వీరేశలింగం గారు హాస్య సంజీవనితో బదులిచ్చారు. (ఇంతటి పండితులూ పిల్లల్లా పేర్లు తిప్పి కొట్టుకున్నారు!) అసలు సంగతి ఇక్కడే ఉంది. అంతకుముందు పీఠాధిపతి నుంచి శ్రీముఖం, అంటే ఆజ్ఞాపత్రం, వస్తే మాట ముగిసేది. ఇప్పుడు సనాతనులు కూడా అచ్చులో తెలుగు పాఠకుణ్ణి ఒప్పించుకోవలసి వచ్చింది.

గట్టు మీది చెట్టు:
పత్రికల మాట ఒప్పుకుంటాను. మారుమనువు ప్రశ్నను మాత్రం ఇద్దరూ దాటవేశారు.

సందేహి:
దానికి నేను చెబుతాను, ఈసారి వీరేశలింగం గారి పక్షానే. హోదా పెంచుకోవాలనుకున్న కులాలు కొన్ని, పై కులాలను చూసి మారుమనువు మానుకుంటున్న కాలమది. మా అమ్మమ్మ వైపువారు అలా మానుకున్నవారే. అలాంటి ఇళ్లకు, ఒక బ్రాహ్మణుడే తన ఇంట్లోనే ఒక విధవకు పెళ్లి చేశాడన్న కబురు చిన్నదేమీ కాదు.