అప్‌డేట్: రెండో మండలం బాక్సు కూడా ఇప్పుడు చదువుతోంది

కడప జిల్లా ఫారంలో ఒకే మండలం కాంబోబాక్స్‌ను (టైప్ చేసి వెతికి, జాబితాలోంచి ఎంచుకునే బాక్సు) రెండు చోట్ల (శాశ్వత చిరునామా, ప్రస్తుత చిరునామా) వాడితే, రెండోదాంట్లో బాణం కీ నొక్కినా ఎన్‌వీడీఏ (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) నోరు మెదపడం లేదని అడిగాను కదా. మీరు చెప్పినట్టు తప్పంతా ఐడీలదే, అంటే పేజీలో ఒక్కో భాగానికి ఇచ్చే గుర్తింపు పేర్లదే.

రెండు జాబితాల్లోనూ ఆప్షన్ల ఐడీలు ఒకటే. ఇప్పుడు ఏ ఆప్షన్ మీద ఉన్నామో స్క్రీన్ రీడర్‌కు చెప్పే ఏరియా-యాక్టివ్‌డిసెండెంట్‌లో ఇచ్చిన ఐడీని బ్రౌజర్ పేజీలో మొదట దొరికినదానికే ముడిపెడుతుంది. అది మూసి ఉన్న మొదటి జాబితాలోది, డిస్‌ప్లే నన్‌తో దాచినది. ఇక చదవడానికేముంది? రియాక్ట్ 18 (వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ)లో వేర్వేరు ఐడీలు పుట్టించే యూజ్‌ఐడీతో ప్రతి కాపీలోని ఐడీల ముందు వేరే ప్రిఫిక్స్ తగిలించాను. ఆప్షన్లకు ఒక్కటే చాలదు, లేబుల్‌కూ, బాక్సు ఏ జాబితాను నడుపుతుందో చెప్పే ఏరియా-కంట్రోల్స్‌కూ అదే పెట్టాలి. లేబుల్ వదిలేస్తే రెండో లేబుల్ మీద క్లిక్ చేసినా ఫోకస్ మొదటి బాక్సుకే పోతుంది.

ఇంకోటి: లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2, ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటిన భాగాన్ని దాచేది) ఉన్నప్పుడు ‘ప్రొద్దుటూరు’లో ద వత్తు అడుగున తెగుతోంది. 1.6 చేసి, స్థిరమైన ఎత్తు తీసేస్తే సరిపోయింది. తెలుగు ఇంటర్‌ఫేస్ చేసేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

జిల్లా ఎంపికకు మాత్రం మామూలు సెలెక్టే (బ్రౌజర్ సొంత డ్రాప్‌డౌన్ జాబితా) ఉంచాను. వెతకాల్సిన అవసరం లేనిచోట అదే మేలు. ఆండ్రాయిడ్ ఫోన్ల స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌లో పరీక్ష ఇంకా మిగిలి ఉంది.