తల వెయ్యి వక్కలా, చెక్కలా?

కృష్ణలంక కుర్రాడు: చందమామలో శంకర్ గారి బొమ్మ కనిపించింది. చేత కత్తి, భుజాన శవం, విక్రమార్కుడి నడక. వెంటనే "తల వెయ్యి వక్కలవుతుంది" అన్నాను. మా ఆవిడ "చెక్కలు" అంటోంది. బేతాళుడు అసలేమనేవాడు?

పాత సంచికల పిచ్చి: రెండూ కాదు. "నీ తల పగిలిపోతుంది", అంతే. 1952 నుంచి పోయేదాకా కొ.కు. (కొడవటిగంటి కుటుంబరావు) చూసిన పత్రికండీ అది. వెయ్యి లెక్కబెట్టే వచనం కాదు.

అమలాపురం మాస్టారు: చందమామ సంగతెలా ఉన్నా మాట మాత్రం వక్కలే. క్రొత్త కొత్త అయినట్టు వ్రక్కలు వక్కలయింది. వక్క అంటే తాంబూలంలోదే అనుకున్నవాళ్ళు చెక్క చేసేశారు.

తెనాలి తమలపాకు: తాంబూలంలోదీ పోకచెక్కే కదా మాస్టారూ! వక్కని తప్పించబోయి మళ్ళీ దాని మీదే పడ్డారన్నమాట.

వేదం వెంకడు: తల పగలడం బృహదారణ్యక ఉపనిషత్తు నాటిది. "మా తే మూర్ధా వ్యపప్తత్", నీ తల పడిపోకుండా చూసుకో అని, ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్న గార్గిని యాజ్ఞవల్క్యుడు హెచ్చరిస్తాడు. ఆవిడ ఊరుకుంది, ఊరుకోని శాకల్యుడికి నిజంగానే తల పడిపోయింది. అక్కడ అతిగా అడిగితే ప్రమాదం, ఇక్కడ తెలిసీ చెప్పకపోతే. ఎన్ని ముక్కలో ఉపనిషత్తు చెప్పలేదు.

పాత సంచికల పిచ్చి: కథాసరిత్సాగరంలో రాజు పేరు త్రివిక్రమసేనుడు, చెట్టు శింశుపా. అశోకవనంలో సీత కూర్చున్నదీ శింశుపా కిందే. మనవాళ్ళకి మాత్రం బేతాళుడి చెట్టంటే మర్రి!

బొమ్మల బావ: బొమ్మ వేసినాయన్ని వదిలేశారేం? శంకర్, అంటే కె.సి. శివశంకరన్, ఈరోడ్‌లో పుట్టిన తమిళుడు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివి 1952లో చందమామలో చేరాడు. 2020లో, 96 ఏళ్ళకి పోయాడు. పద్మశ్రీ ఆ మరుసటేడు! నా అనుమానం వేరు. "పట్టు వదలని విక్రమార్కుడు" అంటే మొండితనమేనా? బొమ్మ చూస్తే శవం మీది పట్టు అనిపిస్తుంది నాకు.

అమలాపురం మాస్టారు: పట్టుదలలోని పట్టే నాయనా. చేతి పట్టయితే ప్రతిసారీ శవం ఎలా జారిపోతుంది?

బొమ్మల బావ: జారలేదండీ, మాయమయ్యేది. పోతన "సిరికిం జెప్పడు" గుర్తు తెచ్చుకోండి. చివర "చేలాంచలమైన వీడడు". లక్ష్మి కొంగు చేతిలోనే ఉందన్న ధ్యాస లేకుండా, ఏనుగుని కాపాడ్డానికి విష్ణువు పరుగు. అదీ పట్టు వదలకపోవడమే. ఆ ఒక్క "వీడడు" కోసం పద్యమంతా రాశాడనిపిస్తుంది.

వేదం వెంకడు: "వీడడు"కి ముందున్న "ఐన" చూడండి. కొంగునైనా వదల్లేదని. బలమంతా అందులో ఉంది.

తెనాలి తమలపాకు: కాదు, "చెప్పడు"లో ఉంది. ఇంట్లో చెప్పకుండా బయల్దేరడం!

కృష్ణలంక కుర్రాడు: ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. ఇప్పుడు "ముక్కలు" అంటోంది.