డైట్‌తో 7 కిలోలు తగ్గాను, 3 మళ్లీ వచ్చాయి. వ్యాయామం చేయకుండా కుదరదా?

కుట్టుమిషన్ (తెనాలి):

నాకు 43 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పొద్దున 9కి మిషన్ ముందు కూర్చుంటే రాత్రి 8 అవుతుంది, పెళ్లిళ్ల రోజుల్లో 11 కూడా దాటుతుంది. మోకాళ్ల నొప్పులని రెండేళ్ల కిందట కాలితో తొక్కే మిషన్‌కి మోటారు పెట్టించుకున్నాను. అప్పటికి 70 ఉన్నదాన్ని 78కి వచ్చాను. థైరాయిడ్ పరీక్ష బాగానే ఉంది. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. మా అమ్మకి షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. నా భయమంతా అదే.

సంక్రాంతి అయ్యాక డైట్ మొదలుపెట్టాను. పొద్దున నిమ్మరసం, తేనె. టిఫిన్ మానేశాను. మధ్యాహ్నం కప్పు అన్నం, చారు, మజ్జిగ. సాయంత్రం జామకాయ. రాత్రి రెండు పుల్కాలు, ఏదో ఒక కూర. మొదటి 10 రోజుల్లోనే 3 కిలోలు తగ్గాను. మూడు నెలలకి 71కి దిగాను. అందరూ బాగున్నావన్నారు.

కానీ రోజూ టేపు పట్టుకునే మనిషిని కదా, నా కొలతలు నేనే రాసి పెట్టుకున్నాను. నడుము ఒక్క అంగుళమే తగ్గింది. చేతి లూజు (చేతి చుట్టుకొలత) మాత్రం అంగుళంపావు తగ్గింది! పొట్ట తగ్గాలని కడుపు మాడ్చుకుంటే చేతులు సన్నబడ్డాయి. దువ్వెన నిండా జుట్టు. ఒక రోజు పెళ్లికూతురి పట్టు జాకెట్టు గుడ్డ పరిచి కత్తెర పెట్టబోతే చేయి వణికింది. కత్తెర కింద పెట్టేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ సాయంత్రమే డైట్ ఆపేశాను. నెల తిరిగేసరికి 74.

నడుద్దామంటే మోకాళ్లు సహకరించవు, టైమూ లేదు. డైట్ ఒక్కదానితోనే 65కి రావచ్చా? వచ్చినవాళ్లు ఉంటే ఏం తిన్నారో చెప్పండి.

మానేరు (కరీంనగర్):

అక్కా, నేను వచ్చాను. 14 నెలల్లో 88 నుంచి 79కి. ఒక్క రోజు జిమ్‌కి పోలేదు, పొద్దున నడక కూడా లేదు. పుస్తకాల షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటాను.

అన్నం మానలేదు. ముందు ఇంట్లో నూనె లెక్క చూసుకున్నాం. ముగ్గురం, నెలకి 4 లీటర్లు. లీటరు నూనె అంటే 8 వేల కేలరీల పైమాటే. ఇప్పుడు రెండు లీటర్లతో సరిపెడుతున్నాం. రెండోది టీ. రోజుకి ఐదు కప్పులు, కప్పుకి రెండు చెంచాల పంచదార. అదొక్కటే రోజుకి 200 కేలరీల దాకా పడేది. ఇప్పుడు రెండే కప్పులు, చక్కెర లేకుండా. మూడు వారాలు నాలుక ఒప్పుకోలేదు, తర్వాత అదే అలవాటయింది.

నాకు చేతులు సన్నబడలేదు. ఇది రాస్తుంటేనే ఎందుకో తట్టింది. మే నుంచి జూలై దాకా స్కూలు పుస్తకాల కట్టలు నేనే దించుతాను, అటక మీదికి నేనే ఎక్కిస్తాను. వ్యాయామం చేయలేదని అనుకున్నాను గానీ, బరువులు మోస్తూనే ఉన్నాను.

ప్రవాసి (డాలస్):

రాత్రి 7కి తినేసి మర్నాడు 11 దాకా ఏమీ తినకండి. మా ఆఫీసులో చాలామందికి పని చేసింది. వ్యాయామం అక్కర్లేదు.

పెసరట్టు (విశాఖపట్నం):

నేను డైటీషియన్‌ని. బరువు తగ్గడం వరకైతే డైట్ ఒక్కటే చాలు, అందులో అనుమానం లేదు. మీ బరువుకి అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120–150 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలోనే అన్ని ఉంటాయి. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కావాలి. కాబట్టి నడవలేకపోతున్నానని బాధపడకండి.

అసలు సంగతి మీ టేపు చెప్పేసిందండీ. మీరు కండ పోగొట్టుకున్నారు.

మొదటి 10 రోజుల 3 కిలోల్లో ఎక్కువ భాగం నీరే. కండరాల్లో, కాలేయంలో ఒళ్లు దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్, తన బరువుకి మూడింతల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గగానే అది పోతుంది, తినగానే తిరిగొస్తుంది. మీకు వెనక్కి వచ్చిన 3 కిలోల్లోనూ కొంత అదే. తర్వాత మీరు రాసిన తిండి లెక్క వేశాను. కప్పు అన్నం, చారు, మజ్జిగ, రెండు పుల్కాలు, కూర అన్నీ కలిపినా ప్రోటీన్ 25 గ్రాములు దాటదు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. మీకు సుమారు 60. అందులో సగం కూడా అందలేదు, కూర్చునే పని కాబట్టి కండకి శ్రమా లేదు. అప్పుడు ఒళ్లు కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుంది. జుట్టు రాలడం కూడా ఇలాంటి డైట్ మొదలైన రెండు మూడు నెలలకే కనబడుతుంది. చాలావరకు తిరిగి వస్తుంది, అయినా ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి.

షుగర్ భయం ఉన్నవాళ్లు కండ పోగొట్టుకోవడం మరీ నష్టం. తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా కండరాలకే పోతుంది.

టిఫిన్ మానొద్దు. 50 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బి, పొయ్యి మీద కాస్త నూనెతో అట్లు వేసుకుంటే 12 గ్రాముల ప్రోటీన్. మధ్యాహ్నం ఆ కప్పు అన్నమే తినండి, కానీ చారు బదులు గట్టి పప్పు, కప్పు పెరుగు. సాయంత్రం ఉడికించిన సెనగలు. గుడ్లు తింటే రెండు, తినని రోజుల్లో మీల్‌మేకర్ కూర. డాలస్ వారు చెప్పిన 16 గంటల పద్ధతి కొందరికి కుదురుతుంది. కానీ మీకు ఇప్పటికే తిండి చాలలేదు, ఒక పూట ఎగ్గొడితే ఆ 60 గ్రాములు ఎక్కడ పెడతారు?

ఇక వ్యాయామం. దానికి వేరే టైమ్ వద్దు. బాబిన్ చుట్టుకున్న ప్రతిసారీ కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోండి. మోకాళ్లు నొప్పి పెడితే కింద గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోండి. కూర్చునే ఒక్కో కాలు చాపి ఐదు సెకన్లు నిలపండి, పదేసి సార్లు. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లోనూ పట్టుకుని పైకెత్తండి. నొప్పి పెరిగితే ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి. మోటారు మాత్రం తీసేయకండి!

కుట్టుమిషన్ (తెనాలి):

అందరికీ నమస్కారం. ఆరు వారాలయ్యాక రాస్తున్నాను.

సోమ, శనివారాలు గుడ్డు తినను, ఆ రోజుల్లో మీల్‌మేకర్. పెసరట్టు మా పిల్లలకి కూడా అలవాటయింది. ఇంట్లో నూనె కరీంనగర్ తమ్ముడి లెక్కకి ఇంకా దిగలేదు, రెండున్నర లీటర్ల దగ్గర ఉంది. మొదటి వారం కుర్చీలోంచి మూడోసారి లేవలేకపోయాను. మిషన్ అంచు పట్టుకోకుండా ఉండటమే కష్టమైంది. ఇప్పుడు ఎనిమిదిసార్లు లేస్తున్నాను. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం తగ్గింది.

బరువు 72.6. పోయినసారి ఇంతకంటే తొందరగా తగ్గాను కాబట్టి మొదట్లో దిగులేసింది. కానీ నిన్న రాత్రి టేపు పెట్టాను. నడుము ఇంకో అంగుళం తగ్గింది. చేతి లూజు తగ్గలేదు, ఎక్కడున్నది అక్కడే ఉంది. రెండుసార్లు కొలిచాను.

ఆషాఢం కదా, పెళ్లి జాకెట్లు లేవు. ఈ వారంలో షుగర్ పరీక్ష చేయించుకుంటాను. శ్రావణం రద్దీ మొదలయ్యేలోపు వచ్చి ఆ రిపోర్టు, కొలతలు రాస్తాను.