దేవుడి గురించి మనం అనుకున్నవన్నీ పక్కన పెడితే ఏం మిగులుతుంది?

పాతగొడుగు:
చాలా రోజులుగా లోపల నలుగుతున్న ప్రశ్న, తిట్టుకోకుండా చదవండి. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూపిస్తే మా నాన్న కొట్టేవారు కాదు, అరిచేవారు కూడా కాదు. అన్నిటికంటే తక్కువ మార్కులున్న సబ్జెక్టు కింద చూపుడువేలి గోరు ఆనించి అలా చూస్తూ ఉండేవారు, అంతే. లెక్కల్లో తొంభై వచ్చినా ఆ గోరు సోషల్ దగ్గరే ఆగేది. ఇప్పుడు నాకు నలభై దాటాయి, కళ్ళు మూసుకుని ప్రార్థనకు కూర్చుంటే ముందు కనిపించేది ఆ గోరే. దానికి తోడు "అలా అనకు, కళ్ళు పోతాయి, లెంపలేసుకో" అన్న మాటలు వింటూ పెరిగాను. ఇన్నేళ్ళూ నేను భయపడింది దేవుడికా, ఆ గోరుకా అని ఈ మధ్యే అనుమానం వచ్చింది. ఇలా ఇంట్లో, బళ్ళో పేరుకుపోయినదంతా గీకేస్తే అసలు దేవుడు ఎలాంటివాడో తెలుస్తుందా? తెలుస్తుందనే నా నమ్మకం.

తర్కపుపురుగు:
గీకండి, తప్పకుండా గీకండి. కాకపోతే అది అరటిబోదెలో చేవ వెతకడం లాంటిది, పొర తీస్తే పొర. సుమారు 2500 ఏళ్ళ కిందటే జెనోఫనీస్ అనే గ్రీకు కవి ఈ సంగతి పట్టేశాడు. ఇథియోపియా వాళ్ళ దేవుళ్ళు నల్లగా చప్పిడి ముక్కుతో ఉంటారు, థ్రేస్ వాళ్ళ దేవుళ్ళకు నీలికళ్ళు, ఎర్రజుట్టు. గుర్రాలకే చేతులుండి బొమ్మలు వెయ్యగలిగితే వాటి దేవుళ్ళు గుర్రాల్లాగే ఉండేవాళ్ళు అన్నాడు. మీ గోరు కూడా ఆ బాపతే.

నిలకడనీళ్ళు:
పురుగు గారూ, అరటిబోదె ఒలిస్తే చివర్లో దూట దొరుకుతుందండీ, ఎప్పుడైనా ఒలిచారా? సరే, అది వదిలెయ్యండి. జెనోఫనీస్‌ని సగమే చెప్పారు. ఆయన దేవుడే లేడనలేదు. అందరికంటే గొప్పవాడు ఒక్కడున్నాడు, రూపంలో గానీ ఆలోచనలో గానీ మనుషుల్లాంటివాడు కాడు అని కూడా ఆయనే అన్నాడు. అంటే తప్పుడు బొమ్మ చెరిపింది నిజమైనదానికి చోటు చెయ్యడానికే. నా అనుభవం ఒకటి చెప్తాను. ఆఫీసు పని మీద ఒకాయనతో మూడేళ్ళు ఫోన్లోనే మాట్లాడాను. ఆ బొంగురు గొంతు విని లావుగా, పెద్ద మీసాలతో ఉంటారని ఊహించేసుకున్నాను. ఎదురుపడితే బక్కపల్చటి మనిషి, మీసమే లేదు, పైగా నాకంటే చిన్నవాడు. నా ఊహ తప్పయింది, మనిషి అబద్ధం కాలేదు కదా.

తర్కపుపురుగు:
మంచి ఉదాహరణే, కానీ మీకే అడ్డం తిరుగుతుంది. ఆయన ఎదురుపడ్డాడు కాబట్టి మీ ఊహ తప్పని తేలింది. ఎదురుపడనివాడి విషయంలో తప్పు దిద్దేదెవరు? 2009లో నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అమెరికాలో నమ్మకస్తుల మీద ప్రయోగాలు చేసింది. మరణశిక్ష మీద ఉపన్యాసం రాయించి చదివించారు, కొందరిచేత వాళ్ళ సొంత అభిప్రాయానికి ఎదురుగా. చదివాక వాళ్ళ అభిప్రాయం కాస్త జరిగింది. తమాషా ఏంటంటే, ఆ విషయంలో దేవుడి అభిప్రాయం ఏమై ఉంటుందని అడిగితే అది కూడా అటే జరిగింది! ఇతర మనుషుల గురించి వేసిన అంచనాలు మాత్రం అలా మారలేదు. ఇంకేం చెప్పాలి?

ఊరికేచదువుతా:
గుడ్డివాళ్ళు, ఏనుగు కథ ఉంది కదా. అందరూ తలో ముక్కా పట్టుకున్నారు, గొడవెందుకు?

తర్కపుపురుగు:
ఆ కథ చెప్పేవాడికి మాత్రం ఏనుగు మొత్తం కనిపిస్తోంది, అదెలాగో ఎవరూ అడగరు.

నిలకడనీళ్ళు:
ఇక్కడ పురుగు గారితో ఏకీభవిస్తా 😀 ఎప్లీ ప్రయోగం నాకూ గట్టిగానే తగిలింది, కాదనను. కానీ అది అంచనాలు ఎలా పుడతాయో చెప్తుంది, దేవుడు ఉన్నాడో లేడో చెప్పదు. పైగా దాంట్లోంచే నాకు ఒక కొలత దొరికింది. నా కోపాలన్నిటికీ తలూపే దేవుడైతే అది నేనే, నాకు ఎదురు చెప్పేవాడైతేనే వేరే. బైబిల్లో ఏ తప్పూ చెయ్యకుండానే కష్టాలపాలైన యోబు కథ చూడండి. "నువ్వు ఏదో పాపం చేసే ఉంటావు, అందుకే ఈ కష్టాలు" అని స్నేహితులు దేవుడి తరఫు వకాల్తా పుచ్చుకుంటారు. చివరికి దేవుడు, మీరు నా గురించి సరిగ్గా మాట్లాడలేదు అని వాళ్ళనే మందలిస్తాడు, అంతసేపూ తనతో పోట్లాడిన యోబునే సరిగ్గా మాట్లాడాడంటాడు. అంత లెక్కగా ఉన్న సిద్ధాంతం తప్పయి కూర్చుంది.

తర్కపుపురుగు:
నాకు ఎదురు చెప్పే పని నా మనస్సాక్షి కూడా చేస్తుంది. దానికి దేవుడని పేరు పెట్టక్కర్లేదు.

మౌనంగాఉండలేను:
ఆలస్యంగా వచ్చాను. 12వ శతాబ్దపు యూదు తత్వవేత్త మైమొనిడీస్ దేవుడు ఏది కాదో మాత్రమే చెప్పగలం అన్నాడు, ఉపనిషత్తు "నేతి నేతి" అంది. వినడానికి బాగుంటుంది. కానీ పిల్లాడికి అర్ధరాత్రి జ్వరం వచ్చినప్పుడు "ఇది కాదు, ఇది కాదు" అని మొక్కలేం కదండీ. అప్పుడు ఏదో ఒక మొహం కావాలి. అన్నీ గీకేసి ఖాళీగా నిలబడమంటే నా వల్ల కాదు. ఉన్న బొమ్మతోనే వెళ్ళి, అది తప్పయితే దారిలో మార్చుకుంటాను. మొసలి నోట్లో కాలున్న గజేంద్రుడు కూడా ఉన్నాడో లేడో అని అనుమానపడుతూనే పిలిచాడు, ముందు అనుమానం తీర్చుకుని తర్వాత పిలవలేదు.

పాతగొడుగు:
అందరికీ థాంక్స్. నేను మొదట అడిగినదాంట్లో ఒక మాట వెనక్కి తీసుకుంటున్నా, "అంతా గీకేస్తే" అన్నది. అంతా పోదు. నిన్న రాత్రి కూర్చున్నప్పుడు గోరు మళ్ళీ వచ్చింది. ఈసారి దాన్ని తొయ్యలేదు, "ఇది నాన్నది" అనుకుని ఊరుకున్నా. అటు తర్వాత ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, అయినా లేవబుద్ధి కాలేదు. పురుగు గారూ, దీన్ని రుజువుగా చూపించట్లేదు, గొడవకు రాకండి.

తర్కపుపురుగు:
రాను. కానీ "లేవబుద్ధి కాలేదు" అన్నది ఏంటో కాస్త వివరంగా రాయండి, చదువుతా.