8 గేర్ల రోడ్డు సైకిలుకు 70,000 రూపాయల విడిభాగాలు అమర్చడం సమంజసమేనా?

ప్రశ్న: తీరరేఖ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నా దగ్గర అల్యూమినియం ఫ్రేము, రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టేవి) ఉన్న రోడ్డు సైకిలు ఉంది. గేర్లు షిమానో కంపెనీ చవక శ్రేణి అయిన క్లారిస్; ముందు 50, 34 పళ్ళ చక్రాలు, వెనుక 11 నుంచి 28 పళ్ళ దాకా ఉన్న 8 గేర్ల క్యాసెట్ (పళ్ళ చక్రాల గుత్తి). చక్రాలు, 25 మిల్లీమీటర్ల టైర్లు సైకిలుతో వచ్చినవే. సైకిలు బరువు సుమారు 11 కిలోలు, నా బరువు 70. మామూలు రోజుల్లో ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు, సెలవు రోజుల్లో శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ రోడ్డు మీద తొక్కుతుంటాను. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తిచేయవలసిన సుదూర సైకిల్ యాత్ర) పూర్తిచేశాను. ఈ చలికాలంలో 300, ఆ తరువాత 400, 600 కూడా పూర్తిచేయాలని గట్టి పట్టుదలతో ఉన్నాను.

ఇందుకోసం 70,000 రూపాయలు కూడబెట్టాను. తెలిసిన దుకాణంలో అడిగితే షిమానోలోనే పై శ్రేణి అయిన 105 గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల భాగాల సెట్టు), 50 మిల్లీమీటర్ల లోతున్న కార్బన్ చక్రాలు, హబ్‌లలో (చక్రాల మధ్యనుండే ఇరుసు భాగాల్లో) సెరామిక్ బేరింగులు వేయించుకోమని సలహా ఇచ్చారు. మూడూ కలిపితే నా దగ్గరున్న సొమ్ము చాలదు. నాకు తెలియవలసింది ఏమిటంటే, వీటిలో ఏది నా తొక్కుడుకు నిజంగా పనికివస్తుంది, ఎంత మేరకు పనికివస్తుంది, ఆ మేలు పెట్టిన డబ్బుకు తగినదేనా అన్నది. వాడి చూసినవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

సమాధానం: ఎదురుగాలి

తీరరేఖ గారూ, అంకెలు ఇచ్చారు కాబట్టి లెక్క కట్టి చూద్దాం. మీరు 70, సైకిలు 11, నీళ్ళు, సంచి, ట్యూబులు కలిపి 4, మొత్తం 85 కిలోలు. ఘాట్ ఎక్కేటప్పుడు మన శక్తిలో సింహభాగం ఈ బరువును పైకి మోయడానికే పోతుంది గనుక, ఒక కిలో తగ్గితే అదే శ్రమకు పట్టే సమయం సుమారు 1.2 శాతం తగ్గుతుంది. గంట పట్టే ఎత్తు మీద మిగిలేది 40 సెకన్ల పైచిలుకు. క్లారిస్ తీసి 105 వేస్తే కిలో కూడా పూర్తిగా తగ్గదు. భీమిలి రోడ్డులాంటి చోట ఆ తేడా మీ కాళ్ళకు తెలియనే తెలియదు.

కార్బన్ చక్రాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు చూపించే అంకెలు అబద్ధాలు కావు, కానీ అవి మన వేగానికి వర్తించేవి కావు. గాలి సొరంగంలో పరీక్షలు సాధారణంగా గంటకు 45 కిలోమీటర్ల దరిదాపుల్లో జరుగుతాయి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి, 45 వద్ద 10 వాట్లు ఆదా చేసే చక్రం 25 వద్ద 2 వాట్లు కూడా ఆదా చేయదు. మీ తీరంలో ఎదురుగాలి వీచే రోజుల్లో ఈ లాభం కొంత పెరుగుతుంది, ఆ మాట నిజమే. అయితే అదే గాలి పక్కనుంచి కొట్టినప్పుడు 50 మిల్లీమీటర్ల రిమ్ము ముందు చక్రాన్ని పక్కకు నెడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. అంతకంటే ముఖ్యమైన విషయం మీ రిమ్ బ్రేకులు. అరకు నుంచి దిగేటప్పుడు బ్రేకు చాలాసేపు పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది; అల్యూమినియం ఆ వేడిని వెంటనే వదిలేస్తుంది, కార్బన్ రిమ్ములోని రెజిన్ (పొరలను అతికించే జిగురు) అతిగా వేడెక్కితే మెత్తబడి, పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. వర్షంలో కార్బన్ మీద బ్రేకు పట్టు అల్యూమినియం కంటే తక్కువ. మీరు తొక్కే దారికి ఆ చక్రాలు వద్దనే నా గట్టి అభిప్రాయం.

సెరామిక్ బేరింగుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. శుభ్రంగా ఉండి, గ్రీజు సరిగా ఉన్న మామూలు హబ్ బేరింగులు మింగే శక్తే ఒకటి రెండు వాట్లకు మించదు; అందులో కొంత భాగం మిగుల్చుకోవడానికి వేల రూపాయలు పోయడం అనవసరం.

నిజంగా తేడా చూపేవి టైర్లు. సైకిలుతో వచ్చే చవక టైర్ల దొర్లుడు నిరోధక గుణకం (దొర్లేటప్పుడు టైరు ఎంత శక్తి మింగుతుందో చెప్పే అంకె) 0.006 అనుకుందాం, మంచి టైర్లది 0.004. 85 కిలోల బరువుతో గంటకు 29 కిలోమీటర్ల వేగంలో మొదటివి సుమారు 40 వాట్లు మింగితే రెండోవి 27 వాట్లు మింగుతాయి. ఆ 13 వాట్లు మొత్తం దారి పొడవునా, ఎక్కేటప్పుడు వేగాన్ని బట్టి తక్కువగానైనా సరే, మీకే మిగులుతాయి. మీ ఫ్రేములోనూ బ్రేకు కింద ఖాళీలోనూ 28 మిల్లీమీటర్లు పడితే అదే తీసుకుని, గాలి 100 పీఎస్ఐ దాకా బిగించకుండా 70 నుంచి 80 మధ్య ఉంచండి. గతుకుల రోడ్డు మీద బిగువైన టైరు ప్రతి రాయికీ సైకిలునీ మనిషినీ ఎగరేస్తుంది. ఆ కుదుపు కింద పోయేది కూడా మీ శక్తే. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 తరగతి టైర్ల జత ధర మీ సొమ్ములో ఆరో ఏడో వంతు మాత్రమే.

సమాధానం: చైను పని

నేను చాలాకాలంగా సైకిళ్ళ మరమ్మతు చేస్తున్నాను. గ్రూప్‌సెట్ విషయంలో ఒక చిక్కు ఉంది, అది కొనకముందే మీకు తెలియాలి. ఇప్పుడు వస్తున్న 12 గేర్ల మెకానికల్ 105ను షిమానో హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులకు (ద్రవ ఒత్తిడితో చక్రం మధ్యనున్న పళ్ళేన్ని పట్టేవాటికి) మాత్రమే తయారుచేసింది. మీ ఫ్రేముకు డిస్క్ బ్రేకు బిగించే చోటు ఉండదు. కాబట్టి మీకు దొరికేది అంతకుముందు తరం, అంటే 2018లో వచ్చిన 11 గేర్ల ఆర్7000 మాత్రమే. అది కూడా మిగిలిన సరుకు ఎక్కడ దొరికితే అక్కడ.

దొరికిందనుకున్నా ఖర్చు అంతటితో ఆగదు. షిఫ్టర్లు, ముందు వెనుక డిరైలర్లు (గొలుసును ఒక పళ్ళ చక్రం నుంచి మరోదాని మీదకు జరిపేవి), క్యాసెట్, గొలుసు తప్పనిసరిగా మారతాయి, క్రాంక్ (పెడళ్ళు బిగించే చేతులు, ముందు పళ్ళ చక్రాలు) కూడా మారిస్తేనే సెట్టు సరిగా పనిచేస్తుంది. దానితోపాటు బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ తిరిగే బేరింగులు) వస్తుంది. 8, 9, 10 గేర్ల కోసం చేసిన ఫ్రీహబ్ (వెనుక హబ్‌లో క్యాసెట్ కూర్చునే భాగం) మీద 11 గేర్ల రోడ్డు క్యాసెట్ సాధారణంగా కూర్చోదు, ఎందుకంటే అది 1.85 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు కోరుతుంది. మీ వెనుక హబ్ ఏ రకమో చూడకుండా క్యాసెట్ కొంటే చక్రం కూడా కొనవలసి వస్తుంది. ఇన్ని మార్చిన తరువాత మీ చేతికి వచ్చేది గేర్ల మధ్య చిన్న అంతరాలు, మెత్తగా పడే షిఫ్టింగ్. అవి హాయిగానే ఉంటాయి, కాదనను. కానీ రాత్రివేళ నర్సీపట్నం దగ్గరో పాడేరు దారిలోనో గొలుసు తెగితే 8 గేర్ల గొలుసు చిన్న ఊళ్ళో దొరికే అవకాశం ఉంది. 11 గేర్లది దొరకడం కష్టం.

డబ్బు పెట్టే ముందు ఇప్పుడున్నది ఏ స్థితిలో ఉందో చూసుకోండి. ఒక ఉక్కు స్కేలు తీసుకుని, సున్నా గీతను గొలుసులోని ఒక పిన్ను మధ్యలో పెట్టండి. కొత్త గొలుసులో 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్యలో పడుతుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు మిల్లీమీటరున్నర ముందుకు జరిగి ఉంటే గొలుసు మార్చే సమయం వచ్చింది. ఎనిమిదో వంతు జరిగి ఉంటే క్యాసెట్ పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త గొలుసు దాని మీద జారుతుంది. గేర్లు సరిగా పడటం లేదని గ్రూప్‌సెట్ మార్చాలనుకుని వచ్చేవారిలో ఎక్కువమంది సైకిళ్ళకు కావలసింది కొత్త గొలుసు, కొత్త కేబుళ్ళు, నిటారుగా సరిచేసిన డిరైలర్ హ్యాంగరు (డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే లోహపు ముక్క). సముద్రం పక్కన ఉప్పుగాలికి కేబుళ్ళ లోపల తుప్పు త్వరగా పడుతుంది. తుప్పు పట్టిన కేబులు ఏ ఖరీదైన షిఫ్టరునైనా మొరాయింపజేస్తుంది.

బ్రేకు లైనింగులు మాత్రం ఈ వారమే మార్చండి. మంచి రబ్బరు లైనింగులకు కొన్ని వందలు, మహా అయితే వెయ్యి చిల్లర అవుతుంది. తడి ఘాట్ మీద ఆ తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది.

సమాధానం: గండిపేట రైడర్ (హైదరాబాద్)

పై ఇద్దరి మాటల్లో చాలావరకు నాకు సమ్మతమే, కానీ ఖరీదైన భాగాలన్నీ అనవసరమన్న భావన చదివేవారికి కలగకూడదు. ఇక్కడ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద జట్టుగా 35 దాటించి తొక్కేవారికి లోతైన చక్రాలు నిజంగానే ఉపయోగపడతాయి. హైడ్రాలిక్ బ్రేకుల విలువను సెకన్లలో లెక్కించలేము. నా చేతులు చిన్నవి. అనంతగిరి కొండలు దిగేటప్పుడు కేబుల్ బ్రేకు లీవరును గట్టిగా నొక్కి పట్టుకోవడం వల్ల వేళ్ళు తిమ్మిరెక్కేవి. హైడ్రాలిక్ డిస్క్ ఉన్న సైకిలు మీద ఒక్క వేలితో, హుడ్ల (బ్రేకు లీవర్ల పైనుండే రబ్బరు పట్టుల) మీద చేతులు ఉంచే ఆపగలుగుతున్నాను. రాత్రంతా తొక్కవలసిన 400, 600లలో అలసిన చేతులు ప్రమాదానికి దారితీస్తాయి కాబట్టి, ఆ సౌకర్యానికి పెట్టిన డబ్బు వృథా అయిందని నేను ఏనాడూ అనుకోలేదు.

అయితే తీరరేఖ గారూ, ఆ సౌకర్యం మీ ఫ్రేముకు రాదు. 105, డిస్క్ బ్రేకులు కావాలనుకుంటే వాటితో తయారై వచ్చే పూర్తి సైకిలు కొనడమే లాభం, ఎందుకంటే తయారీదారు టోకున కొనే ధరకు విడివిడిగా మనకు ఆ భాగాలు ఎప్పటికీ దొరకవు. అందుచేత ఈ 70,000లో కొంత మాత్రమే ఇప్పటి సైకిలు మీద పెట్టి, మిగిలినది రాబోయే సైకిలు కోసం దాచుకోమని నా సలహా.

ఇప్పుడు పెట్టేదాంట్లో మొదటి వాటా కొలతలు తీసి సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిచేయించుకోవడానికి ఇవ్వండి. 300 కిలోమీటర్ల బ్రెవేకు 20 గంటల గడువు ఉంది, అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు నడిస్తే సరిపోతుంది. 400కు 27 గంటలు, 600కు 40 గంటలు, అక్కడా దాదాపు అదే సగటు. వేగం చాలక మధ్యలో ఆపేసేవారికంటే మోకాలు, నడుము, మెడ, కూర్చునే చోటు నొప్పితో ఆపేసేవారినే నేను ఎక్కువగా చూశాను. తరువాతి వాటా దీపాలకు. 600లో రాత్రి తప్పదు గనుక, ముందు చక్రానికి డైనమో హబ్ (చక్రం తిరిగితే విద్యుత్తు పుట్టించేది) వేయించుకుంటే ఛార్జింగ్ బెంగ పూర్తిగా పోతుంది. దాని 3 వాట్ల విద్యుత్తుతో మంచి ఎల్‌ఈడీ దీపం రోడ్డంతా చూపిస్తుంది. ఆ హబ్‌ను తరువాత కొత్త సైకిలుకు వాడుకోవాలంటే ఆ ఫోర్కుకు, డిస్క్ బ్రేకుకు సరిపోయే రకం వేరుగా ఉంటుంది కాబట్టి, అంతదాకా మంచి బ్యాటరీ దీపాలు రెండు, పవర్ బ్యాంకు చాలునేమో ఆలోచించండి.

తీరరేఖ

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. గ్రూప్‌సెట్, కార్బన్ చక్రాలు, సెరామిక్ బేరింగులు మూడూ పక్కన పెడుతున్నాను. టైర్లు, లైనింగులు, కేబుళ్ళు, గొలుసు, కొలతలు ఖాయం. స్కేలుతో కొలిచాను, పిన్ను పదహారో వంతు దాటి జరిగి ఉంది. ఒక్క సందేహం మిగిలింది. ఘాట్ మీద నిటారు చోట్ల 34, 28 గేరులో (ముందు 34, వెనుక 28 పళ్ళు) కూడా పెడల్ చాలా నెమ్మదిగా తిరిగి, మోకాళ్ళ మీద భారం పడుతోంది. 8 గేర్లతోనే ఉంటూ దీనికి పరిష్కారం ఉందా?

సమాధానం: ఎదురుగాలి

ఉంది, అది మొత్తం జాబితాలో చవకైన వాటిలో ఒకటి. 28 బదులు 32 పళ్ళున్న 8 గేర్ల క్యాసెట్ వేయించండి. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే, నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పినప్పుడు 34, 28 గేరులో వేగం గంటకు 9.2 కిలోమీటర్లు, 34, 32లో 8 కిలోమీటర్లు. 7 శాతం వాలు మీద 85 కిలోలతో మొదటిదానికి సుమారు 165 వాట్లు, రెండోదానికి సుమారు 145 వాట్లు కావాలి. 145 దగ్గర ఆగిపోయేవారు మొదటి గేరులో 60 తిప్పలేక 53 తిప్పుతారు, ప్రతి తొక్కుడులోనూ ఎక్కువ బలం పెడతారు. మోకాలికి తగిలేది అదే. బరువు తగ్గించడానికి వేలు పోసినా ఇంత తేడా రాదు.

కొనేముందు వెనుక డిరైలర్ లోపలి వైపు ముద్రించిన మోడల్ సంఖ్య చూడండి. చివర జీఎస్ అని ఉంటే కేజ్ (గొలుసును బిగువుగా ఉంచే చట్రం) పొడవైన రకం, ఎస్ఎస్ అని ఉంటే పొట్టిది. ఎస్ఎస్ అయితే ఆ సంఖ్యతో తయారీదారు పట్టికలో గరిష్ఠ పళ్ళ సంఖ్య సరిచూసుకుని, 32కు చాలకపోతే డిరైలర్ కూడా మార్పించండి, క్లారిస్ స్థాయిలో అదేమంత ఖరీదు కాదు. కొత్త గొలుసును పాతదాని పొడవుకు కోయవద్దు. ముందు 50 పళ్ళ చక్రం, వెనుక 32 పళ్ళ చక్రం మీదుగా, డిరైలర్‌లోంచి పోనివ్వకుండా చుట్టి, రెండు కొసలు కలిసే చోటు నుంచి ఒక లోపలి కడియం, ఒక బయటి కడియం అదనంగా ఉంచి కోయించండి.